నీలం కుర్చీ చెప్పిన మాట

ఇటు జరగండమ్మా, ఇంకొంచెం దగ్గరికి. ఇవాళ్టి మాట గట్టిగా చెప్పేది కాదు. కాజీపల్లిలో బీరమ్మ ఇంట్లో రాజుకున్న గొడవ ఇంకా చల్లారలేదు. ఆ గడపలోనే ఇప్పుడు కాలు పెడుతున్నాం, చప్పుడు చేయకండి.

"లే! లేస్తవా లేదారా!"

బీరమ్మ చేతిలో చెంబు ఖాళీ అయింది. అందులోని నీళ్లన్నీ జైపాల్ ముఖం మీద నుంచి కారుతున్నాయి.

జైపాల్ ఆమె చిన్నకొడుకు. పొద్దంతా ట్రాలీ ఆటోలో డ్రమ్ములు మోసి, నడుము పట్టేసి ఇంటికొచ్చాడు. తలుపు పక్కనున్న నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. పాపం, చేసిన నేరం అంతే.

"కుర్చీల కూసుంటె నీళ్లు పోస్తవా అమ్మా? దిమాక్ ఖరాబైందా నీకు?"

"అన్న కుర్చీరా అది."

"అన్న సచ్చిపోయిండమ్మా!"

"సచ్చిపోతె అన్న గాకుంట పోతడా?"

ఆ మాటకు జైపాల్ కుర్చీలోంచి లేచి, తడిసిన చొక్కా విప్పి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

కుర్చీ ముందు నేల మీద పళ్లెం ఉంది. వేడన్నం, పప్పుచారు, పక్కన ఉల్లిగడ్డ ముక్క. పెద్దకొడుకు బాలరాజ్ అన్నంలో ఉల్లిగడ్డ లేకపోతే ముద్ద ఎత్తేవాడు కాదు. ఆ కుర్చీ కాలు విరిగితే రాగి తీగ చుట్టి బాగుచేసుకున్నది కూడా అతనే. ఇస్నాపూర్ చౌరస్తాలో లారీ తగిలి అతను పోయాక ఆ కుర్చీని ఎవరూ పట్టించుకోలేదు. దాని మీద తడిబట్టలు వేశారు, ఉల్లిగడ్డల సంచి పెట్టారు. ఈమధ్యనే దానికి మర్యాద మొదలైంది.

"సచ్చినోనికి ముందుగాల అన్నం, బతికున్నోనికి మొకం మీద నీళ్లు. మంచిగుందమ్మా నీ ఇన్సాఫ్," అన్నాడు జైపాల్. "నిన్న మన కిరాయి అర్రల ఉండే బీహారాయన కుర్చీకి నమస్తే పెట్టి పోయిండు. ఎందుకురా అంటె, 'బడే భయ్యా ఖానా ఖా రహే థే', పెద్దన్న అన్నం తింటుండె అన్నడు. నవ్వాల్నా, ఏడ్వాల్నా?"

గేటు దగ్గర భవాని నిలబడి ఉంది. బాలరాజ్ భార్య ఆమె. మందుల కంపెనీ ప్యాకింగులో పనిచేస్తుంది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది, తలకు పెట్టుకున్న టోపీ గీత నుదుటి మీద ఇంకా చెరగలేదు. మరిది మాటకు నవ్వబోయింది గానీ ఆగిపోయింది. ఆ బీహారాయన ఈ ఊరికి వచ్చి నెల కూడా కాలేదు. బాలరాజ్ ఫొటో అయినా ఎప్పుడూ చూడలేదు.

"వచ్చినవా? నువ్వే చెప్పు వదినా," అన్నాడు జైపాల్. "కిరాయి ఇచ్చుకుంట మనమే భయపడి బతకాల్నా మన ఇంట్ల?"

"మనం కిరాయి ఇయ్యం, తీస్కుంటం," అంది భవాని.

"అదేలే. గదే అంటున్న."

బీరమ్మ కోడలి వైపు తిరిగింది. కోపం ఎటు పోయిందో, గొంతు మెత్తబడింది. అలా మెత్తబడితేనే భవానికి భయం.

"ఐతారం నాడు ఆ హరినాథ్ వస్తడట గద?"

"వస్తడు."

"రావద్దని సెప్పు. పెద్దోడు వద్దన్నడు."

బయట కంపెనీల గాలి దిగింది. మునిమాపు కాగానే ఆ ఊళ్లో కిటికీలు మూసుకుంటారు, పుల్లటి మందు వాసన ఇళ్లలోకి వచ్చేస్తుంది. బాలరాజ్ బతికున్నప్పుడు ఎంత రుద్ది స్నానం చేసినా అతని ఒంటి మీద ఆ వాసనే ఉండేది. ఇప్పుడది కిటికీలోంచి వస్తోందో, కుర్చీ దగ్గర నుంచి వస్తోందో భవానికి తేలలేదు.

"ఎప్పుడన్నడత్తా?"

"అడిగిన. సెప్పిండు."

బీరమ్మ పళ్లెం తీసుకుని లోపలికి పోయింది.

హరినాథ్ ఎవరంటారా? భవాని కంపెనీలోనే బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. మొదటి పెండ్లి కోర్టులో తెగిపోయింది. గుట్టుగా ఉండే మనిషి, నన్ను చేసుకుంటావా అని భవానిని అడిగాడు. ఆదివారం అక్క వెంకటలక్ష్మిని వెంటబెట్టుకుని ఆఖరి మాట కోసం వస్తానన్నాడు. భవాని ఔననలేదు, కాదనలేదు. ఆ ఒక్క మాట నోటి నుంచి రాకనే కదా, ఆమె ఫోన్‌లో మేడంని పట్టుకుంది.

ఆ మేడం సంగతి ఇదీ. కంపెనీ గేటు బయటి గోడకు ఒక కాగితం అంటించారు. మనసులో బరువుంటే మాట్లాడండి, మీ పేరు బయటికి పోదు అని. భవాని ఫోన్‌తో దాని మీది క్యూఆర్ బొమ్మను స్కాన్ చేసింది. అప్పటి నుంచి ప్రతి గురువారం సాయంత్రం దయావతి అనే ఆమె పట్నం నుంచి ఫోన్ చేస్తుంది. సిగ్నల్ సరిగా ఉండదని ముఖాలు చూసుకోరు, మాటలే. మొగుడు పోయాక ఎట్లా బతకాలి, మళ్లీ పెండ్లి చేసుకుంటే తప్పా, అత్తను విడిచిపోతే పాపమా, ఇవన్నీ భవాని ఆ గొంతుకే చెప్పుకుంది. నడుమ డ్యూటీ మారి కొన్ని గురువారాలు మాట్లాడలేకపోయింది, అంతే.

ఈ గురువారం ఆమెకు సెలవు. ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తే సాకుతో మేడ మీదికి వెళ్లి, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుంది. ఫోన్ మోగింది.

"భవాని గారూ, వినిపిస్తోందా? ఈరోజు గొంతు బాగుంది. జలుబు తగ్గినట్టుంది."

"నాకు జలుబెప్పుడు చేసింది మేడం?"

"పోయిన వారం బొంగురుగా ఉంది కదా. జలుబా అని అడిగితే మీరు ఊఁ అన్నారు."

భవాని చేతిలోని మిరపకాయలు చాపమీదికి జారాయి.

"పోయినవారం నేను డ్యూటీల ఉన్న మేడం. అంతకుముందు వారం గూడ. మా కంపెనీల ఫోన్ లోపలికి పోనియ్యరు, నిప్పు భయమని. ఇంట్లనే పెట్టి పోయిన."

లైన్ తెగిందేమోనని భవాని ఫోన్ వైపు చూసింది. తెగలేదు.

"మరి నాతో ఎవరు మాట్లాడారు?" అంది దయావతి.

"ఏం మాట్లాడిండ్రు మేడం?"

"అది మీరు కాకపోతే నేను చెప్పకూడదు."

"నా పేరు చెప్పిండ్రా?"

"మీ పేరే చెప్పారు. 'నేను భవానిని, నాకు దారి చూపెట్టు తల్లీ' అని ఏడ్చారు. ఏడుపులో గొంతులన్నీ ఒకటిగానే ఉంటాయండీ. నేను ఆనవాలు పట్టలేకపోయాను."

"నా పేరు మీద అన్న మాట నాకు చెప్పకుంట ఎట్ల మేడం? ఐతారం నాడు నా బతుకు తేల్తది."

దయావతి మెల్లగా చెప్పింది.

"నేను చాలామందితో చేయించేదే చేయించాను. ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ పెట్టుకోండి, అందులో మీ ఆయన ఉన్నారనుకుని అడగాలనుకున్నది అడగండి అన్నాను. తర్వాత మీరే ఆ కుర్చీలో కూర్చుని, ఆయనైతే ఏమనేవారో అది అనండి అన్నాను. లోపల కుక్కుకున్నది బయటికి రావడానికి అదొక పద్ధతి."

"కుర్చీల కూసున్నంక ఏమొచ్చింది మేడం?"

"ముందు ఏమీ లేదు. తర్వాత గొంతు ఇంకా బరువెక్కింది. 'పొమ్మను. ఇంకొకణ్ణి చేసుకొమ్మను. గని హెల్మెట్ పెట్టుకోకుంట వాణ్ణి బండి ఎక్కనియ్యొద్దను' అంది. మీ ఆయన మాట తీరు మీకెంత బాగా గుర్తుందో అనుకున్నాను నేను."

భవాని ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

ఆ మాట బాలరాజ్ అన్నదే. జిన్నారంలో ఎవరిదో పెండ్లి చూసుకుని బండి మీద వస్తుంటే, దారిలో ఎవరో పడిపోయి జనం మూగి ఉన్నారు. అది దాటాక అన్నాడు. "నాకేమన్న అయితె ఏడ్సుకుంట కూసోకు. ఇంకొకణ్ణి చేసుకో. గని వాణ్ణి హెల్మెట్ పెట్టుకోకుంట బండి ఎక్కనియ్యకు." ఆమె అతని వీపు మీద గిచ్చింది. చుట్టూ చెట్టూ పుట్టా తప్ప మనిషి లేడు. అలా చెప్పినవాడే, ఆఖరి రోజు "దగ్గరనే గద" అని హెల్మెట్ మేకుకే వదిలేసి పోయాడు. బండి మీద అన్న ఆ మాట భవాని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. దయావతికి కూడా.

"భవాని గారూ, ఉన్నారా?"

"ఉన్న మేడం."

"మాట్లాడింది మీ అత్తగారేనా?"

"ఇంట్ల ఇంకెవరున్నరు? గప్పటి సంది ఆ కుర్చీల ఎవరినీ కూసోనిస్తలేదు."

"ఆదివారం పొద్దున నేను ఆవిడతో మాట్లాడతాను. మీరూ పక్కన ఉండండి. ఆ కుర్చీని మళ్లీ ఉత్త కుర్చీ చేయాలి. మొదలుపెట్టింది నేనే కదా."

భవాని కిందికి దిగేసరికి బీరమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తోంది. భవాని కూడా ఎదురుగా కూర్చుని పిడికెడు కాయలు తీసుకుంది.

"అత్తా, నా ఫోన్ ఎత్తినవా?"

"మోగితె ఎత్తనా?"

"నా పేరెందుకు చెప్పినవ్?"

"సోదిల గట్లనే గద సెప్తరు. కష్టం ఎవలిదో పేరు గూడ ఆళ్లదే సెప్పాలె. నా పేరు సెప్తె నా వాక్కు వస్తది. నాకేం కావాలె నా వాక్కు? నీ సంగతి తేలాలె గద."

భవాని నోరు తెరుచుకుంది. బీరమ్మ దాపరికం లేకుండా అంతా చెప్పింది. ఫోన్ మోగిందట. దారి చెప్పే తల్లి ఈమేనని, తలుపు వెనక నుంచి కోడలి మాటలు వినీ వినీ ఆమెకు ముందే తెలుసట. చాటలో బియ్యం పోసి, పసుపు చల్లి, నడుమ ఫోన్ పెట్టి, బియ్యం మీద చెయ్యి ఆనించి మాట్లాడిందట.

"ఆమె సోది చెప్పే ఆమె కాదత్తా. చదువుకున్న మేడం."

"మొకం సూపియ్యదు. లోపల మాటలన్నీ అడుగుతది. సచ్చినోణ్ణి పిలువుమంటది. సోది గాకుంటె ఇంకేందే అది?"

దానికి జవాబు మీకు తోస్తే చెప్పండి.

"మరి వచ్చిండా?" అంది భవాని. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"వచ్చిండు."

"ఏమన్నడు?"

ఈనె తీస్తున్న చెయ్యి ఆగింది. "వద్దన్నడు."

"పొమ్మన్నడట. మేడం విన్నది."

"ఆమె ఏడనో ఉన్నది. కుర్చీల ఉన్నది నేను."

"హెల్మెట్ మాట నీకెవలు చెప్పిండ్రత్తా?"

బీరమ్మ తలెత్తింది. ఆ కళ్లలో దొంగతనం లేదు. నిజంగానే అర్థం కానట్టు చూసింది.

"ఏం హెల్మెట్?"

భవాని చేతిలోని కాయలు కింద పెట్టింది.

"కుర్చీల కూసున్నంతవరకు యాదికున్నది," అంది బీరమ్మ నిదానంగా. "గోడ మీద ఎండ పడుతుండె. లేసేసరికి ఎండ లేదు. నడుమ ఏమన్ననో నాకు తెల్వది బిడ్డా."

"తెల్వకుంటె వద్దన్నడని ఎట్ల చెప్తున్నవ్?"

బీరమ్మ కాయలన్నీ ఒళ్లోకి లాక్కుంది, ఎవరో గుంజుకుపోతారన్నట్టు.

"నువ్వు పోతె వాడు ఈడ ఉండడే. నిన్ను సూసేతందుకే వస్తుండు. నా కోసమైతె ఇన్ని దినాలు రాకపాయె గద? నువ్వు పోతె నీ ఎంబడే పోతడు."

వలిచిన కాయలూ వలవనివీ కలిసిపోయాయి, ఎవరూ ఏరలేదు.

ఆదివారం వచ్చింది. పొద్దున్నే ఫోన్‌ని నేల మీద పెట్టి, అందరికీ వినబడేట్టు స్పీకర్ పెట్టింది భవాని. బీరమ్మ ఊరుకుంటుందా? ఫోన్ కింద చాట పెట్టాలంది, చాటలో బియ్యం ఉండాలంది.

"ఉండనియ్యి వదినా," అన్నాడు జైపాల్. "బియ్యం మీద సిగ్నల్ మంచిగ వస్తదేమో."

"బీరమ్మ గారూ," అంది చాటలోంచి దయావతి గొంతు. "పొరపాటు నాది. మిమ్మల్ని భవాని గారనుకున్నాను. ఆ రోజు కుర్చీలో ఎవరూ రాలేదమ్మా. మీరే ఉన్నారు. మీ లోపలున్న కొడుకు మాటే మీ నోట వచ్చింది."

"నువ్వు పిలువుమంటివి, పిలిసిన," అంది బీరమ్మ. "ఇప్పుడు రాలేదంటున్నవ్. వచ్చినోడు రోజూ అన్నం తింటుంటె రాలేదంటె ఎట్ల తల్లీ?"

"అన్నం తింటున్నాడా?"

"పళ్లెం ఖాళీ అయితున్నది."

భవాని జైపాల్ వైపు చూసింది. జైపాల్ తల అడ్డంగా ఊపాడు, నేను కాదని. తర్వాత అతనూ వదిన వైపు అనుమానంగా చూశాడు.

ఫోన్‌లో దయావతి గొంతు సవరించుకుంది. "అమ్మా, ఒక్క పని చేయండి. ఆ కుర్చీలో ఎవరైనా బతికున్న మనిషిని మామూలుగా కూర్చోనివ్వండి. కాసేపు కూర్చుని లేస్తే అది ఉత్త కుర్చీ అని మీకే తెలుస్తుంది. మీ చిన్నబ్బాయిని కూర్చోమనండి."

"నేను కూసోను మేడం," అన్నాడు జైపాల్ వెంటనే. "మొన్ననే తానం అయింది."

సరిగ్గా అప్పుడే బయట బండి ఆగింది.

వెంకటలక్ష్మి పూలు, పండ్ల సంచి పట్టుకుని ముందు వచ్చి మంచం మీద కూర్చుంది. వెనకే హరినాథ్. ఇస్త్రీ చొక్కా, గాలికి చెదిరిన జుట్టు. ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. "నమస్తే ఆంటీ," అన్నాడు బీరమ్మతో. ఎక్కడ కూర్చోవాలో తెలియక అటూ ఇటూ చూసి, తలుపు పక్కనున్న నీలం కుర్చీలో కూర్చున్నాడు.

జైపాల్ చెంబు కోసం చూశాడు, తల్లి చేతికి అందకుండా దాచేద్దామని. బీరమ్మ చెంబు జోలికి పోలేదు. అరవలేదు. కుర్చీ వైపే చూస్తూ నిలబడింది.

"బండి మీద వచ్చినవా?"

"ఔ ఆంటీ. పటాన్‌చెరు నుంచి."

"హెల్మెట్ ఏది?"

హరినాథ్ తల గోక్కున్నాడు. "దగ్గరనే గద..."

బాలరాజ్ ఆఖరి రోజు అన్నవీ ఆ రెండు మాటలే.

"నేను చెప్తనే ఉంట, వినడు," అని వెంకటలక్ష్మి ఏదో అంటోంది గానీ ఎవరి చెవికీ ఎక్కలేదు. బీరమ్మ తలుపు వెనక్కి వెళ్లింది. మేకుకు తువ్వాలు కప్పి ఉన్న హెల్మెట్ తీసింది. ఏం హెల్మెట్ అని అడిగిన మనిషే, తడుముకోకుండా తీసింది. కొంగుతో అద్దం తుడిచింది. తెచ్చి కుర్చీకి ఎదురుగా నిలబడింది.

భవానికి ఏమైందో, తనూ వెళ్లి ఆ హెల్మెట్ మీద చెయ్యి వేసింది. ఇవ్వడానికా, ఆపడానికా? ఆమెకే తెలియదు. ఒక పట్టీ అత్త చేతిలో, ఒక పట్టీ కోడలి చేతిలో.

బీరమ్మ కోడలిని చూడలేదు. హరినాథ్‌నీ చూసినట్టు లేదు. అతను కూర్చున్న చోటును చూసింది.

"ఇయ్యనా బిడ్డా?" అంది. "ఇస్తె పోతవా?"

తలుపులోంచి వచ్చే వెలుగు హరినాథ్ వెనక పడుతోంది, ముఖం నల్లగా ఉంది. అంతదాకా కుదురులేక కదిలిన కాళ్లు కదలడం మానేశాయి. ఎడమ మడమ వెళ్లి, రాగి తీగ చుట్టిన కుర్చీ కాలి మీద ఆనింది. బాలరాజ్ అట్లాగే ఆనించేవాడు, ఆ తీగ అక్కడ అరిగింది అందుకే.

"ఇయ్యే, అవ్వా."

ఆ ఇంట్లో బీరమ్మను అవ్వా అని పిలిచింది బాలరాజ్ ఒక్కడే. జైపాల్ చిన్నప్పటి నుంచీ అమ్మా అనే అంటాడు.

వెంకటలక్ష్మి నవ్వింది. "ఇప్పుడే ఆంటీ అంటివి, ఇప్పుడే అవ్వ అంటివి. ఏందిరా?"

"నేనేమన్న?" అన్నాడు హరినాథ్. తనేమన్నాడో అతనికి నిజంగానే తెలిసినట్టు లేదు.

పొద్దుపూట కంపెనీల గాలి రాదు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. అయినా పుల్లటి మందు వాసన గుప్పున నిండింది.

చాటలో బియ్యం మీద ఉన్న ఫోన్‌లోంచి దయావతి గొంతు వచ్చింది.

"భవాని గారూ, ఇప్పుడు మాట్లాడింది ఎవరు?"

బీరమ్మ వేళ్లు ఒక్కొక్కటిగా పట్టీని వదిలాయి. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. హెల్మెట్ బరువంతా భవాని చేతుల్లోకి వచ్చింది. ఎదురుగా హరినాథ్ చేతులు చాచి, చిన్నగా నవ్వుతూ కూర్చున్నాడు. ఇదిప్పుడు ఇస్తే ఈ గడప దాటి తను ఎవరి వెంట పోతున్నట్టు?

మాట ఇక్కడ పట్టుకోండి తల్లీ, జారనివ్వకండి. రేపు నీళ్ల దగ్గరో, బస్సులోనో ఎవరికైనా చెప్పేటప్పుడు బీరమ్మకు మతి చెడిందని మాత్రం చెప్పకండి. మేడందే తప్పని కూడా చెప్పకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కుర్చీ నీలం రంగుది, కాలికి రాగి తీగ ఉంది. తల్లి అడిగింది, జవాబు వచ్చింది. కోడలి చేతిలో హెల్మెట్ ఉంది.